ఇల్లు కారేది వానకి కాదు బాబూ!

మాది సిర్గాపూర్, నారాయణఖేడ్ దగ్గర. 2016లో మండలం అయింది. ఊరి గొప్పలు చెప్పడానికి రాయట్లేదు లెండి, మా ఇంటి స్లాబు గోడు చెప్పుకోడానికి.

ప్రతి ఏడూ జులైలో అమ్మ ఫోన్ చేస్తుంది. "బిడ్డా, మళ్ళ ఉరుస్తున్నది." నేనిక్కడ హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని డబ్బులు పంపుతాను. ఎవరో వచ్చి స్లాబు మీద ఏదో తెల్ల మందు పూసి పోతారు. వాళ్ళిచ్చిన గ్యారంటీ కాగితాన్ని నాయిన బీరువాలో దాస్తాడు. మళ్ళీ జులై, మళ్ళీ ఫోను. ఇలా నాలుగేళ్ళలో మూడుసార్లు జరిగింది. ప్రొడక్షన్లో బగ్ వస్తే లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసేవాణ్ణి మనం ఎంత వెటకారం చేస్తాం? నేను సొంత ఇంటికి చేసింది అదే :(

పోయిన వానాకాలం నాయిన మంచం మీద పెచ్చు ఊడి పడింది. అరచేయంత ఉంటుంది. నాయిన అప్పుడే చాయ్ తాగడానికి లేచాడు కాబట్టి సరిపోయింది. ఈసారి డబ్బు పంపకుండా నేనే బస్సెక్కాను.

ఊళ్ళో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు. మా ఇల్లు ఆయన కట్టింది కాదు. ఆయన మేడెక్కి, ఒక బకెట్ నీళ్ళు పోసి, బీడీ ముట్టించి కూర్చున్నాడు. నీళ్ళు నాలుగడుగులు పోయి ఆగిపోయాయి. "సారూ, మందులెందుకు? నీళ్ళు పోయే తొవ్వకు మీరే కట్ట కట్టిన్రు గదా!"

నిజంగానే కట్ట. నీళ్ళ ట్యాంకు కోసం తూముకి సరిగ్గా అడ్డంగా ఇటుకల దిమ్మె కట్టించాం. ఎక్కడ కట్టాలో ఫోన్లో చెప్పింది ఎవరయ్యా అంటే నేనే. పైగా ఆ తూము పైపు స్లాబు కంటే అంగుళం ఎత్తులో ఉంది. తర్వాత టైల్స్ వేద్దామని అలా పెట్టారట. ఆ టైల్స్ ఇప్పటిదాకా రాలేదు. అంటే అంగుళం నీళ్ళు నిండితే గానీ ఒక్క చుక్క బయటికి పోదు. మా పక్కన నల్లవాగు ప్రాజెక్టు ఉంది, దాన్ని నీళ్ళు నిలపడానికి కట్టారు. ఇల్లు అందుకు కట్టలేదు కదా!

సన్నటి పగుళ్ళు లేని స్లాబు ఉండదు. పారే నీళ్ళు వాటి మీదుగా పోతాయి. నిలిచిన నీళ్ళకి తొందరేముంది, రాత్రంతా తీరిగ్గా దిగుతాయి, లోపలి ఊచల దాకా వెళ్తాయి. ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. మా నాయిన మంచం మీద పడ్డ పెచ్చు కథ ఇదీ. (రేపు పై అంతస్తు వేద్దామని పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి వదిలేస్తాం చూడండి, వాటి మొదళ్ళు కూడా ఒకసారి చూసుకోండి.)

ఇదంతా పల్లెటూరి మేస్త్రీల గొడవ అనుకునే అమెరికా అన్నలకి ఒక మాట. మా పెద్దనాన్న కొడుకు బోస్టన్ దగ్గర ఉంటాడు. 2014-15 చలికాలంలో బోస్టన్‌లో వంద అంగుళాలకు పైగా మంచు పడింది, అక్కడ అది రికార్డు. కొత్త షింగిల్స్ వేయించుకున్న అన్న ఇంట్లో హాలు గోడ మీదుగా నీళ్ళు! ఇంట్లో వేడి అటక గుండా పైకి పోయి కప్పు మీది మంచుని కరిగిస్తుంది. ఆ నీళ్ళు కిందికి జారి, చల్లగా ఉండే చూరు దగ్గర మళ్ళీ గడ్డకడతాయి. అక్కడొక గట్టు లేస్తుంది. వెనకాల చెరువు తయారవుతుంది. షింగిల్స్ మన గూన పెంకులకి తమ్ముళ్ళే, పైది కిందిదాన్ని కప్పుతుంది. కిందికి జారే నీళ్ళనైతే దాటిస్తాయి. వెనక్కి ఎగదన్నే నీళ్ళు మాత్రం వాటి కిందికి దూరిపోతాయి.

అందుకే అక్కడి ఇళ్ళ కోడ్, మంచు గట్టుకట్టే ప్రాంతాల్లో షింగిల్స్ కింద, చూరు అంచు నుంచి మొదలుపెట్టి బయటి గోడ దాటి కనీసం 24 అంగుళాలు లోపలికి, నీళ్ళు దిగని పొర వేయమంటుంది. అతుక్కునే తారు షీటు అన్నమాట. చూరు అంచున రేకు, ఆ పైన ఈ షీటు, దాని మీద షింగిల్స్, మేకులు గీత మీదే. అటకలో వేడి గాలి దూరే సందులు మూసి, ఇన్సులేషన్ సరిచేస్తేనే అసలు గట్టు కట్టడం తగ్గుతుంది. అన్న మాత్రం షింగిల్ రంగుకి మూడు వారాంతాలు పెట్టాడు, కింద ఏం వేశారో ఒక్కసారి కూడా నిచ్చెనెక్కి చూళ్ళేదు. వారంటీ కాగితం తీస్తే మంచు గట్టు నష్టం మా బాధ్యత కాదని ఉంది. చాలా వారంటీల్లో అదే ఉంటుంది.

అన్నకీ నాకూ ఒకటే జబ్బు. సరుకు కొంటాం, పని చూడం.

స్లాబు వేసిన రోజు భోజనాలు పెట్టి ఫోటోలు తీస్తాం, తర్వాత తడిపేవాడుండడు. ఎండ వేడిలో కనీసం 10 రోజులు తడిగా ఉంచమని, ఇప్పుడు ఎక్కువగా దొరికే మిశ్రమ సిమెంట్లకైతే 14 రోజులు మంచిదని ఐ.ఎస్. 456 చెప్తుంది. మొదట్లో కట్టలు కట్టి నీళ్ళు నిలపాలి, ఆ తర్వాత ఇల్లున్నన్నాళ్ళూ నిలవనివ్వకూడదు. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. వాటం పది అడుగులకి అంగుళం పైచిలుకు చాలు. ఫాల్స్ సీలింగుకి లక్షలు పోసేవాళ్ళు ఈ అంగుళం దగ్గర బేరాలాడతారు!

మందులు దండగ అనట్లేదు. వాటం, తూము బాగుచేసి, స్లాబు ఆరాక వేస్తే అవీ పనిచేస్తాయి. గుంట మీద పూస్తే మాత్రం డబ్బులు గుంటలో పోసినట్టే.

మేస్త్రి దిమ్మె పగలగొట్టి ట్యాంకుని మెట్ల గది మీదికి మార్చాడు. తూము దించాడు, ఇంకొకటి పెట్టాడు, తుప్పు గీకి పెచ్చులూడిన చోట మరమ్మతు చేశాడు. మొత్తం ఖర్చు నేను మందులకి తగలేసిన దాంట్లో సగం కూడా కాలేదు. ఇప్పుడు వాన వెలిసిన గంటకి నాయిన మేడెక్కి ఫోటో తీసి పంపుతున్నాడు. మీరూ మీ ఇంటి నుంచి ఆ ఫోటో ఒకటి తెప్పించుకోండి. అందులో ఆకాశం కనబడితే మేస్త్రిని పిలవండి, పెయింటు షాపుకి వెళ్ళకండి.