సంపాదకుని మాట: ఒళ్లో ఇమిడే కుక్కలు

అపార్ట్‌మెంట్‌లో పెంచుకోవడానికి ఏ చిన్న జాతి కుక్క మంచిదని చాలామంది అడుగుతుంటారు. ఈ సంచిక వారి కోసమే.

2003లో పగ్ కనిపించిన హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చాక ఆ కుక్క మన ఇళ్లలో ముద్దుబిడ్డ అయిపోయింది. మనిషిని వదలదు, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది, ఊరికే మొరగదు. కానీ ఒకసారి దాని ముక్కు చూడండి. ముఖంలోకి నొక్కుకుపోయి, రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. కుక్కలు ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పుతూనే తగ్గించుకుంటాయి. పగ్‌కి ఆ రొప్పడమే కష్టం. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో దాన్ని నడకకు తీసుకెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. ముద్దుగా కనిపించాలని మనుషులే తెచ్చిపెట్టిన అవస్థ ఇది. తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

డాక్స్‌హండ్ తీరు వేరు. జర్మనీలో బొరియల్లో దూరి వేటాడటానికి పెంచిన జాతి కాబట్టి కాళ్లు పొట్టివైనా పట్టుదల గట్టిది, గొంతూ పెద్దదే. సోఫా మీంచి దూకనివ్వకండి, వెన్నులో డిస్కు జారొచ్చు. మన వీధుల్లో తరచూ కనిపించే తెల్లటి ఇండియన్ స్పిట్జ్ చురుకైనది, ఇక్కడి వాతావరణానికి అలవాటుపడ్డది. కాలింగ్ బెల్ మోగితే మాత్రం ఇల్లెగరగొడుతుంది.

చిన్న కుక్కలు 12 నుంచి 15 ఏళ్లు బతకడం మామూలే. పదో తరగతి పిల్లాడు అడిగాడని తెస్తే, వాడు చదువుకని ఊరు దాటాక చూసుకోవాల్సింది అమ్మానాన్నలే. తెచ్చేముందు వాళ్లనూ అడగండి.