రెండో బండిని చూడండి

2002 సెప్టెంబర్ 29. ఇటలీలోని ఇమోలా ట్రాక్. వరల్డ్ సూపర్‌బైక్ సీజన్‌కు ఆఖరి రోజు. రెండు రేసులే మిగిలాయి. హోండా మీద అమెరికన్ కోలిన్ ఎడ్వర్డ్స్, డుకాటీ మీద ఆస్ట్రేలియన్ ట్రాయ్ బేలిస్. ఇద్దరికీ తేడా ఒకే ఒక్క పాయింటు.

సీజన్ మొదట్లో వరసగా ఆరు రేసులు బేలిస్‌వే. ఒక దశలో ఎడ్వర్డ్స్ 58 పాయింట్లు వెనకబడ్డాడు. గెలిస్తే 25, రెండో స్థానానికి 20. అంటే ప్రత్యర్థి రెండో స్థానం వదలకపోతే రేసుకు తగ్గేది 5 పాయింట్లే. అయినా ఎడ్వర్డ్స్ చివరి తొమ్మిది రేసులూ గెలిచాడు. ఇమోలాలో రెండూ కొట్టి, 11 పాయింట్ల తేడాతో టైటిల్ ఎగరేసుకుపోయాడు.

చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచే ఈ వేగం వెనక లెక్క చాలా ఉంటుంది. ముందు బండిని అంటిపెట్టుకుని ఎదురుగాలి తప్పించుకోవడం, మలుపు మీదికొచ్చేదాకా బ్రేకు పట్టకుండా ఆగి లోపలి వైపు నుంచి దూరడం, చివరి ల్యాపుల కోసం వెనక టైరును అరగకుండా దాచుకోవడం.

ఈ సంచికలోని వ్యాసాలన్నీ ఆ ఎత్తుల గురించే. చదివాక ఏదైనా రేసు చూస్తే, ముందున్న బండిని కాసేపు వదిలేసి దాని వెనకున్నవాణ్ణి గమనించండి. అసలు ఆట అక్కడుంటుంది.

– సంపాదకుడు