తెరకు నోరు లేదు, గ్రామసభకు ఉంది

పంచాయతీ లెక్క అడిగితే చాలు, "ఆన్‌లైన్‌లో పెట్టాం, చూసుకోండి" అంటున్నారు. నిజమే, 2020లో వచ్చిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మన ఊరి ప్రణాళిక, చెల్లింపులు కనిపిస్తాయి. కానీ పూడిక తీయని కాలువకు బిల్లు ఎందుకు చేశారని ఆ తెరను అడిగితే జవాబు చెబుతుందా?

తెలంగాణలో ధరణి ఏం నేర్పింది? రికార్డు ఆన్‌లైన్‌కు ఎక్కింది, తప్పు దిద్దే అధికారం మాత్రం తహసీల్దారు దగ్గర లేకుండా పోయింది. రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. చివరికి 2025లో భూభారతి తేవాల్సి వచ్చింది.

2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చదవండి. అడగకముందే వివరాలు ప్రకటించాలి, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి చేరే పద్ధతిని చూసుకోవాలి అంటుంది. ప్రచారానికి చెప్పిన మార్గాల్లో ఇంటర్నెట్ ఒకటి మాత్రమే. నోటీసు బోర్డు, బహిరంగ ప్రకటన కూడా ఉన్నాయి. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో లెక్కలు జనం ముందు చదివినప్పుడే కదా దొంగ మస్టర్లు బయటపడ్డాయి!

వెబ్‌సైట్ వద్దనడం లేదు. అది చాలదంటున్నాం. ప్రతి పనీ, దాని ఖర్చూ పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. మన అభ్యంతరం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! వచ్చే గ్రామసభకు మీ ఊరి చెల్లింపుల కాగితం ప్రింటు తీయించి పట్టుకెళ్లండి. ఒక్కో పద్దూ చదివి, పని చూపించమని అడగండి.