వీఆర్‌కి పంపారు... ఆ తర్వాత?

జిల్లా ఎడిషన్లు వదలకుండా చదివే అలవాటున్నవాళ్ళకి ఈ వాక్యం కంఠతా వచ్చేసి ఉండాలి: "ఆరోపణల నేపథ్యంలో సదరు ఎస్సైని వీఆర్‌కు పంపుతూ ఎస్పీ ఉత్తర్వులు జారీ చేశారు." వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్. మన భాషలో చెప్పుకోవాలంటే బెంచి మీద కూర్చోబెట్టారు. జనం "అమ్మయ్య, చర్య తీసుకున్నారు" అనుకుంటారు. బెంచి శిక్ష కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? కొన్నాళ్ళకి అదే మనిషి ఇంకో మండలంలో శాలువా కప్పించుకుంటూ ఫొటోలో కనిపించొచ్చు. మధ్యలో విచారణ జరిగిందా, జరిగితే ఎవరేం చెప్పారు, ఏం తేల్చారు అన్నది పేపర్లో రాదు.

నా వాదన ముందే సూటిగా చెప్పేస్తాను. జనం ఇచ్చిన ఫిర్యాదు మీద పోలీసు అధికారిపై శాఖాపరమైన విచారణ జరిగితే, ఆ గదిలో జనానికి కొన్ని కుర్చీలు వెయ్యాలి. ఎవరు రావచ్చు, వచ్చినవాళ్ళు ఎలా ఉండాలి అన్నదానికి రాతపూర్వకంగా నియమాలుండాలి. ఇది తమాషా చూడ్డానికి కాదు. ఆ గదిలో ఒంటరిగా నిలబడే ఫిర్యాదుదారుడి కోసం.

మా శ్రీకాకుళం వైపు సంగతే తీసుకోండి. 2020 ఆగస్టులో కాశీబుగ్గ పోలీస్ స్టేషన్ దగ్గర ఒక దళిత యువకుణ్ణి సీఐ కాలితో తన్నిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. సీఐని సస్పెండ్ చేశారు. మంచిదే. కానీ అక్కడ ఎవరో ఫోన్ తియ్యబట్టి కదా అది మనదాకా వచ్చింది? ఫోన్ తీసేవాడు లేని తన్నుల సంగతేంటి? పోనీ, వీడియో ఉన్న కేసులోనైనా సస్పెన్షన్ అనేది కథ మొదలే. అసలు కథ ఆ తర్వాత చార్జిమెమోతో మొదలవుతుంది. అదంతా తలుపులేసుకునే జరుగుతుంది.

ఆ కథ ఎలా నడుస్తుందో చాలామందికి తెలీదు. 1991 నాటి సివిల్ సర్వీసెస్ సీసీఏ రూల్స్ ప్రకారం పెద్ద శిక్ష వెయ్యాలంటే చార్జిమెమో ఇవ్వాలి, విచారణాధికారిని పెట్టాలి, సాక్షుల్ని పిలవాలి. ఆరోపణలున్న అధికారి సాక్షుల్ని ప్రశ్నించొచ్చు, తోడుగా ఇంకో ప్రభుత్వోద్యోగిని తెచ్చుకోవచ్చు. ఈ హక్కులు ఉండాల్సిందే, రాజ్యాంగం 311వ అధికరణం ఊరికే పెట్టలేదు. మరి దెబ్బలు తిన్నవాడు? అతను అక్కడ ఒక సాక్షి, అంతే. టికెట్ రైజ్ చేసినవాడికి ఆ టికెట్ తెరిచి చూసే యాక్సెస్ లేదన్నమాట. ఎవరి మీద రైజ్ చేశామో వాళ్ళ టీమే దాన్ని చూస్తుంది, వాళ్ళే క్లోజ్ చేస్తారు, 'నాట్ రిప్రొడ్యూసిబుల్' అని కామెంట్ పెడతారు.

మా చుట్టాల్లో ఒకాయన ఇలా సాక్షిగా వెళ్ళాడు. ఏ స్టేషనో, ఏ ఆఫీసో చెప్పను, ఆయన ఇంకా ఆ ఊళ్ళోనే బతకాలి. పొద్దున్న తొమ్మిదికి రమ్మంటే వెళ్ళి మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడ్డాడు. తర్వాత ఆయన నాతో అన్నమాట: "నాను సెప్పింది రాసుకున్నోడూ ఆల మనిసే, ఇన్నోడూ ఆల మనిసే. బయటికొచ్చీసరికి టీ బడ్డీ కాడ ఆయనే నిలబడున్నాడు బాబూ. ఇంకేటి సెప్తాను?" చెప్పాలనుకున్నదాంట్లో సగం మింగేసి వచ్చాడు. ఫలితం ఏమైందో ఈరోజుకీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో ఆయన అన్నో, ఊరి టీచరో, ఎవరో ఒక లాయరో వెనక కుర్చీలో కూర్చుని ఉంటే ఆ సగం మాట మింగేవాడా?

"బయటి జనాన్ని విచారణలో కూర్చోబెట్టడం మన దేశంలో కుదిరే పని కాదు" అనేవాళ్ళకి మన జిల్లాలోనే సమాధానముంది. 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ చదవండి. ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. కనీసం ముప్ఫై రోజుల ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి. కలెక్టరు గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తియ్యాలి. చివర్లో సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి.

సోంపేట బీల, కాకరాపల్లి తంపర థర్మల్ ప్లాంట్లు ఈ దారిలోనే వచ్చాయి. ఆ సేకరణలు ఎంత చక్కగా జరిగాయన్నది వేరే గొడవ. 2010 జూలై 14న సోంపేటలో కాల్పులు జరిగిన రోజే నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. గమనించండి: పొగగొట్టం మీద విచారణకి జనానికి కుర్చీ, మైకు, వీడియో ఉన్నాయి. తుపాకీ పట్టిన ఉద్యోగి మీద శాఖాపరమైన విచారణకి వరండా మాత్రమే ఉంది.

సమాచార హక్కు ఉంది కదా అంటారా? 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగికిచ్చిన మెమోలు, శిక్షలు వ్యక్తిగత సమాచారం కిందకొస్తాయంది. అప్పట్లో విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మినహాయింపు ఆ క్లాజులోనే ఉండేది. 2023 డేటా రక్షణ చట్టం దాన్ని కూడా కోసేసింది, ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ప్రైవసీ పేరు చెప్పి దేన్ని దాస్తున్నారో మన వృత్తివాళ్ళైనా చదవాలి.

ఇక కంప్లయింట్స్ అథారిటీ ప్రహసనం. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర స్థాయిలో ఒకటి, జిల్లా స్థాయిలో ఒకటి పెట్టమంది. జిల్లాది రిటైర్డు జిల్లా జడ్జి కింద ఉండాలి, డీఎస్పీ స్థాయి వరకు ఫిర్యాదులు చూడాలి. 2021లో మన ప్రభుత్వం రాష్ట్ర అథారిటీకి జస్టిస్ కనగరాజ్ గారిని ఛైర్మన్ చేసింది. వయోపరిమితి నిబంధన 65 ఏళ్ళు, ఆయన అప్పటికే దాన్ని ఎప్పుడో దాటేశారు. అదే ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ జీవోని సస్పెండ్ చేసింది. మినిమమ్ ఎలిజిబిలిటీ చూడకుండా ఆఫర్ లెటర్ ఇచ్చే హెచ్ఆర్‌ని మనం ఏమంటాం?

ఇంగ్లండు, వేల్స్‌లో పోలీసుల తీవ్ర దుష్ప్రవర్తన విచారణలు 2015 మే నుంచి బహిరంగంగా జరుగుతున్నాయి. అధికారి పేరు, ఆరోపణ, తేదీ, స్థలం ముందుగానే వెబ్‌సైటులో పెడతారు. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, మాట్లాడకూడదు, రికార్డు చెయ్యకూడదు. బాధితులకి హాని కలుగుతుందనుకుంటే అధ్యక్షుడు కొంత భాగమో, మొత్తమో తలుపులు మూసి జరపొచ్చు. అక్కడంతా స్వర్గమని చెప్పట్లేదు. 2024లో అధ్యక్ష స్థానాన్ని స్వతంత్ర న్యాయనిపుణుల దగ్గర్నుంచి తీసి మళ్ళీ పోలీసు ఉన్నతాధికారులకి ఇచ్చేశారు, నాకది వెనకడుగే. అయినా తలుపు మాత్రం తెరిచే ఉంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, తప్పించుకోను. "మన దగ్గర తలుపు తీస్తే రెండు పార్టీలవాళ్ళూ ట్రాక్టర్లలో దిగుతారు. సాక్షికి ధైర్యం కాదు, భయం ఎక్కువవుతుంది." నిజమే. అందుకే 'రండి బాబూ రండి' అనట్లేదు, నియమాలు కావాలంటున్నాను. పది కుర్చీలు. అందులో మూడు ఫిర్యాదుదారుడు పేరు రాసిచ్చినవాళ్ళకి, మూడు ఆ అధికారి చెప్పినవాళ్ళకి, రెండు విలేకర్లకి, మిగతావి ముందొచ్చినవాళ్ళకి. ఆధార్ జిరాక్సులు అడక్కూడదు, పేరు రాయించుకుంటే చాలు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో. అరిస్తే ఒక హెచ్చరిక, రెండోసారి బయటికి. అత్యాచారం, మైనర్లు, ఇన్‌ఫార్మర్ల విషయాలొస్తే తలుపు మూసెయ్యండి, ఎందుకు మూశారో రెండు ముక్కలు రాసి అంటించండి. మన క్రిమినల్ కోర్టులు ఎప్పట్నుంచో పట్టినంతమందిని లోపలికి రానిచ్చే నడుస్తున్నాయి, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 366 చెప్పేదీ అదే.

"పోలీసుల మనోధైర్యం దెబ్బతింటుంది" అనే మాటకి మాత్రం నాకు ఓపిక లేదు. మూసిన గదిలో ముందు బలయ్యేది పైవాడి మాట విన్న కానిస్టేబులే. తెరిచిన గదిలో "సార్ చెప్తేనే కొట్టాను" అన్న మాట పదిమంది వింటారు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లోనూ సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీ పద్దెనిమిది నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచమంది. ఆ ఫుటేజీ విచారణ గదిలో జనం ముందు ప్లే అవుతుందని తెలిస్తే 'ఆరోజు కెమెరా పనిచెయ్యలేదు' అనడం కాస్త కష్టమవుతుంది.

దీనికి అసెంబ్లీ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. సీసీఏ రూల్స్ 309వ అధికరణం కింద చేసినవి, ఒక జీవోతో మార్చొచ్చు. జీవో రాసేటప్పుడు ఇంకో మూడు లైన్లు కలపమని నా మనవి: విచారణ డీఎస్పీ ఆఫీసులో కాకుండా తహసీల్దారు ఆఫీసు హాల్లో పెట్టాలి, ఫలితం కాపీ తెలుగులో ఫిర్యాదుదారుడి ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కూలి మానుకుని సాక్ష్యానికొచ్చినవాడికి ఆ రోజు బత్తా ఆ రోజే చేతిలో పెట్టాలి.