వదులుకొన్న హక్కు

రెండవ ప్రపంచ యుద్ధంలో తెలుగువారికి నష్టం జరుగలేదనుకోవడం పొరపాటు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. మలయా తోటలకు కూలికి వలసపోయిన తెలుగువారి గతి మరింత ఘోరం. జపాను సైన్యం తమిళులతోపాటు వారిని కూడ సయాం–బర్మా రైలుమార్గ నిర్మాణానికి తరలించింది. 415 కిలోమీటర్ల ఆ దారిలో ఆకలికి, కలరాకు, దెబ్బలకు బలియైన ఆసియా కూలీలు దాదాపు 90 వేలని అంచనా.

1952 జూన్ 9న భారత, జపాను దేశాలు శాంతి ఒప్పందం చేసుకొన్నాయి. యుద్ధ నష్టపరిహారాన్ని భారతదేశం వదులుకొంది. ఓడిన దేశంపట్ల చూపిన ఆ ఔదార్యం మెచ్చదగినదే. అయితే ఆరవ అధికరణం భారత పౌరుల హక్కులను కూడ వదులుకొంది. విచిత్రమేమంటే, జపానులో భారతీయులకున్న ఆస్తులను తిరిగి ఇప్పించడానికి అయిదవ అధికరణం వీలు కల్పించింది. రెక్కల కష్టం తప్ప ఆస్తి లేనివారికి అటువంటి వీలేదీ లేదు. 1967లో మలేసియాకు జపాను ఇవ్వజూపిన రెండున్నర కోట్ల మలేసియా డాలర్ల సహాయం కూడ ప్రభుత్వానికే చెందింది.

పరదేశంతో ఒక్కొక్క పౌరుడు వ్యాజ్యమాడలేడు. ప్రభుత్వాలే తేల్చుకోవాలన్న వాదం సబబే. కాని భూపాలపల్లిలో బొగ్గు గనికోసం రైతు పొలాన్ని సేకరిస్తే, ప్రజాప్రయోజనమని చెప్పి ఊరుకోరు, పరిహారం చెల్లిస్తారు. దేశమైత్రికోసం పౌరుని హక్కును తీసుకొన్న ప్రభుత్వానికి ఆ న్యాయం వర్తించదా? 1951 ఒప్పందంలో హక్కులు వదులుకొన్న బ్రిటన్, జపాను చెరలో మగ్గిన తనవారికి 2000లో సొంత ఖజానానుండి తలకు 10 వేల పౌండ్లు ప్రకటించింది. అర్ధశతాబ్ది ఆలస్యమే, అయినా ఇచ్చింది. అదే రైలుమార్గంలో మట్టిమోసిన తోటకూలీలకు ఆ జాబితాలో చోటు దక్కలేదు.