తొలి మ్యాచ్ ఓడిన జట్టుకు మిగిలే దారి

2025 ఆగస్టు 30, 31 తేదీల్లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నాలుగు పేరున్న జట్లు సీజన్ తొలి మ్యాచ్‌లోనే ఓడిపోయాయి. సీజన్‌కు ముందు అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చిన ర్యాంకుల్లో టెక్సస్‌ది మొదటి స్థానం. అది ఒహాయో స్టేట్ చేతిలో 7-14తో ఓడింది. నాలుగో ర్యాంకు క్లెమ్సన్ సొంత మైదానంలో లూసియానా స్టేట్‌కు 10-17తో తలవంచింది. ఆరో ర్యాంకు నోటర్‌డేమ్ మయామీ మైదానంలో 24-27తో, ఎనిమిదో ర్యాంకు అలబామా ఫ్లోరిడా స్టేట్ మైదానంలో 17-31తో పరాజయం పాలయ్యాయి. 2001 తర్వాత అలబామా సీజన్ ఆరంభ మ్యాచ్ ఓడటం అదే మొదటిసారి. పైగా ఫ్లోరిడా స్టేట్ అంతకుముందు ఏడాది రెండే మ్యాచ్‌లు గెలిచి పది ఓడిన జట్టు. ఆ వారాంతంలో ఎవరిని అడిగినా నాలుగు జట్లలో దెబ్బ గట్టిగా తగిలింది అలబామాకే అనేవారు. డిసెంబరులో ప్లేఆఫ్ జాబితా వచ్చేసరికి ఆ నాలుగింటిలో చోటు దక్కింది ఒక్క అలబామాకే.

తొలి ఫలితాన్ని చదవడం ఎందుకు కష్టమో ఈ ఆట నిర్మాణంలోనే ఉంది. వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌లు ఉంటాయి. కాలేజీ జట్లకు ఆ వెసులుబాటు లేదు. శిక్షణ శిబిరం నుంచి నేరుగా లెక్కలోకి వచ్చే మ్యాచ్‌కే దిగాలి. ఆడేది విద్యార్థులు కాబట్టి చదువు ముగిసి వెళ్లిపోయేవారు, వేరే విశ్వవిద్యాలయాలకు మారేవారు ఏటా ఉంటారు. వాళ్ల స్థానంలో ఎవరు ఎలా ఆడతారో ఆగస్టులో కోచ్‌కు కూడా పూర్తిగా తెలియదు. అందువల్ల సీజన్‌కు ముందు ఇచ్చే ర్యాంకు గత ఏడాది జ్ఞాపకం మీద కట్టిన అంచనా మాత్రమే. తొలి ఓటమిలో కొంత భాగం జట్టు లోపమైతే, మరికొంత ఆ అంచనా లోపం. మ్యాచ్‌లు పన్నెండే ఉండటంతో ఆ రెంటినీ వేరు చేసి చూసుకునే సమయం కూడా తక్కువే.

ఓటమితో మొదలై ఛాంపియన్‌గా ముగించిన జట్టు లేకపోలేదు. 1983లో మయామీ తొలి మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో 3-28తో చిత్తుగా ఓడింది. బంతి విసిరి దాడి నడిపే క్వార్టర్‌బ్యాక్ బెర్నీ కోసర్‌కు అదే మొదటి మ్యాచ్. హోవర్డ్ ష్నెల్లెన్‌బర్గర్ శిక్షణలోని ఆ జట్టు తర్వాత వరసగా పదకొండు గెలిచింది. 1984 జనవరి 2 రాత్రి ఆరెంజ్ బౌల్‌లో అప్పటిదాకా ఓటమి ఎరుగని నెబ్రాస్కాను 31-30తో ఓడించింది. అయితే అప్పట్లో ఛాంపియన్‌ను తేల్చేది పోలింగ్. ఆ మ్యాచ్‌కు ముందు ఐదో ర్యాంకులో ఉన్న మయామీకి సొంత గెలుపు చాలలేదు. రెండో ర్యాంకు టెక్సస్, నాలుగో ర్యాంకు ఇల్లినాయ్ అదే రోజు ఓడటం కూడా కలిసొచ్చింది. 2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. 2024లో అది పన్నెండు జట్లకు పెరిగింది. అప్పటి నియమం ప్రకారం ఐదు స్థానాలు అత్యున్నత ర్యాంకులున్న కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) విజేతలకు, మిగతా ఏడు సెలక్షన్ కమిటీ ఎంపికకు. ఆ మొదటి ఏడాదే క్లెమ్సన్ తొలి మ్యాచ్‌లో జార్జియా చేతిలో 3-34తో ఓడి, ఆ తర్వాత మరో రెండు ఓడి కూడా, తన కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచి ప్లేఆఫ్‌కు చేరింది. పాత పద్ధతిలో అలాంటి జట్టు గురించి అక్టోబరు తర్వాత ఎవరూ మాట్లాడేవారు కాదు.

2025 నాటి నాలుగు ఓటముల్లో తేడా స్కోరులో కంటే మైదానంలో ఎవరున్నారన్న దాంట్లో ఎక్కువగా కనిపిస్తుంది. అలబామా క్వార్టర్‌బ్యాక్ టై సింప్సన్, నోటర్‌డేమ్ క్వార్టర్‌బ్యాక్ సీజే కార్ ఇద్దరికీ ఆరంభం నుంచి ఆడిన మొదటి మ్యాచ్ అదే. అలాంటి ఆటగాడు వారం వారం మెరుగుపడే అవకాశం ఉంది, ఇద్దరూ మెరుగుపడ్డారు కూడా. క్లెమ్సన్ పరిస్థితి అందుకు భిన్నం. కేడ్ క్లబ్నిక్ వరసగా మూడో ఏడాది ప్రధాన క్వార్టర్‌బ్యాక్. చుట్టూ ఉన్నవారిలోనూ ఎక్కువమంది అనుభవజ్ఞులే. నాలుగో ర్యాంకు ఊరికే రాలేదు. కానీ పండిన జట్టు సొంత మైదానంలో పది పాయింట్లే చేస్తే, ఇక ఎదగడానికి మిగిలింది కొద్దే అని ఆ రోజే అనుమానించాలి. క్లెమ్సన్ నాలుగు మ్యాచ్‌లు ముగిసేసరికి మూడు ఓడింది. పన్నెండు మ్యాచ్‌ల సీజన్‌ను 7-5తో ముగించింది. కొత్తవాళ్లతో ఓడిన జట్టు కంటే పాతవాళ్లతో ఓడిన జట్టు గురించే ఎక్కువ దిగులుపడాలి. ర్యాంకులిచ్చేవారు సాధారణంగా దీన్ని తలకిందులుగా చూస్తారు.

ఓటమి ఎంత లోతైనదో చెప్పే రెండో ఆనవాలు ముందు వరస పోరులో దొరుకుతుంది. చేజారిన పాస్, గురి తప్పిన ఫీల్డ్ గోల్ వచ్చే వారం సరిపోవచ్చు. బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి దారి తెరవలేకపోవడం, ప్రత్యర్థి పరుగును ఆపలేకపోవడం సీజన్ మధ్యలో తేలిగ్గా బాగుపడే జబ్బులు కావు. అలబామాపై ఫ్లోరిడా స్టేట్ 230 గజాలు పరుగెత్తి సాధించింది. తర్వాత అలబామా వరసగా ఎనిమిది గెలిచింది. వాటిలో జార్జియాను దాని మైదానంలోనే 24-21తో ఓడించడం కూడా ఉంది. ఆ గెలుపులు చాలావరకు సింప్సన్ చేతి చలవ. పరుగు ఆట మాత్రం చివరిదాకా కుదురుకోలేదు. డిసెంబరులో అదే జార్జియాతో కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడినప్పుడు అలబామా మొత్తం పరుగు లెక్క మైనస్ మూడు గజాలు. స్కోరు 7-28. ప్లేఆఫ్‌లో ఓక్లహామాను దాటినా, రోజ్ బౌల్‌లో ఇండియానా చేతిలో 3-38తో కుప్పకూలింది. తొలి రోజు బయటపడిన లోపాన్ని మధ్యలోని గెలుపులు కప్పగలిగాయి, తీసేయలేకపోయాయి.

టెక్సస్ ఓటమి కాగితం మీద గౌరవప్రదమైనది. అంతకుముందు ఏడాది ఛాంపియన్‌తో, దాని మైదానంలో, ఏడు పాయింట్ల తేడా. గజాల లెక్కలో టెక్సస్‌దే పైచేయి. అక్టోబరులో ఫ్లోరిడా చేతిలో 21-29తో ఓడినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్‌ను ఆరుసార్లు పడగొట్టారు. చివరికి 4-8తో ముగిసిన జట్టు చేతిలో ఓటమి అది. టెక్సస్ 9-3తో ప్లేఆఫ్ బయట ఆగిపోయింది. దాన్ని ముంచింది ఆగస్టు ఓటమి అనడం కంటే, దాని తర్వాత ఇంకో ఓటమికి చోటు లేకుండా పోయిందనడం సరైనది.

ఓడించిన జట్టు తర్వాత ఏమవుతుందన్నది ఓడినవారి చేతిలో లేని విషయం. ఫ్లోరిడా స్టేట్ 5-7తో దిగజారడంతో అలబామా ఓటమి నెలనెలా మరింత వికారంగా కనబడింది. అలబామాను కాపాడింది మిగిలిన షెడ్యూలు. జార్జియా, వాండర్‌బిల్ట్, మిస్సోరి, టెన్నెసీ వరసగా నాలుగు వారాల్లో ఎదురయ్యాయి. నాలుగూ ర్యాంకుల్లో ఉన్న జట్లే. నాలుగింటినీ గెలిచాక ఆరంభ ఓటమి బరువు తగ్గింది. కఠినమైన కాన్ఫరెన్స్‌లో ఉండటం జట్టుకు భారమే అయినా, తప్పు దిద్దుకునే చోటు కూడా అదే.

నోటర్‌డేమ్‌కు ఆ చోటు దొరకలేదు. ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని జట్టు కాబట్టి టైటిల్ గెలిచి లోపలికి వచ్చే మార్గం లేదు. మయామీ తర్వాత టెక్సస్ ఎ అండ్ ఎం చేతిలోనూ 40-41తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. తర్వాత పదికి పది గెలిచింది. నవంబరు తొలి వారపు ప్లేఆఫ్ ర్యాంకుల్లో అది పదో స్థానంలో, మయామీ పద్దెనిమిదిలో ఉన్నాయి. చివరి వారానికి ముందు రెండింటి మధ్య బ్రిగమ్ యంగ్ జట్టు ఒక్కటే మిగిలింది. అది కాన్ఫరెన్స్ ఫైనల్ ఓడి కిందికి జారడంతో, ఒకే 10-2 రికార్డున్న రెండు జట్లూ పక్కపక్కనే నిలిచాయి. అప్పుడు కమిటీ ఆగస్టు 31 మ్యాచ్‌ను ముందుకు తెచ్చింది. మయామీకి పదో స్థానం, నోటర్‌డేమ్‌కు పదకొండు. దిగువ ర్యాంకుల్లోని ఇద్దరు కాన్ఫరెన్స్ విజేతలకు నియమం ప్రకారం చోటివ్వాల్సి రావడంతో పదకొండో స్థానం చాలలేదు. మయామీ ఏకంగా ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఎంపిక తప్పని చెప్పడం కష్టం. కానీ అప్పటిదాకా పక్కన పెట్టిన ఫలితాన్ని చివరి రోజున తీర్పుగా మార్చడం న్యాయమనిపించదు. ముఖాముఖి ఫలితం లెక్కలోకి వచ్చేదైతే నవంబరులోనే రావాలి.

ఈ నాలుగు కథలూ చూశాక పెద్ద ప్రత్యర్థితో సీజన్ మొదలుపెట్టడం ఎందుకన్న ప్రశ్న విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల్లో బలపడటం సహజం. అలబామా, టెక్సస్ ఉన్న ఆగ్నేయ కాన్ఫరెన్స్ 2026 నుంచి ఒక్కో జట్టుకు తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు నిర్ణయించడంతో బయటి జట్లకు మిగిలేవి మూడే. వాటిని తేలిక ప్రత్యర్థులతో నింపుకుంటే ర్యాంకులకు రక్షణ దొరుకుతుందేమో గాని, ఆగస్టు చివర జట్టు అసలు స్థాయి చూపే మ్యాచ్‌లు తగ్గిపోతాయి. ప్రస్తుతానికి ఒహాయో స్టేట్, టెక్సస్ మధ్య తదుపరి పోరు 2026 సెప్టెంబరులో ఆస్టిన్‌లో జరగాల్సి ఉంది.