స్టూలు తప్పు, గోల్ఫు మైదానం ఒప్పా?

మా అమ్మ సాయంత్రాలు వీధి చివర తోపుడు బండి మీద ఇడ్లీ, దోసె అమ్ముతుంది. బండి పక్కన నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు ఉండేవి. పోయిన ఏడాది ఒకరోజు లారీలో వచ్చినవాళ్లు ఆ నాలుగూ ఎత్తుకుపోయారు. "బండి ఉంటే ఉండనీ, మనుషుల్ని కూర్చోబెట్టకూడదు" అన్నారు. చీటీ ముక్క కూడా ఇవ్వలేదు. అప్పటినుంచి రోజూ వచ్చే ఒక తాతగారు రావడం మానేశారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నిలబడి తినలేరు. మన చెన్నైలో ఇలాంటి బండ్లకు 'కైయేంది భవన్' అని పేరు. పళ్లెం చేత పట్టుకుని నిలబడి తినే చోటు అని. ఆ పేరు వింటే అందరూ నవ్వుతారు, నాకు మాత్రం ఇప్పుడు నవ్వు రాదు.

నాలుగు స్టూళ్ల మీద ఇంత పట్టుదల చూపే నగరం, కొద్దిమంది ఆడే గోల్ఫు విషయంలో ఇన్నేళ్లు ఎందుకు మెతకగా ఉంది? గిండి రేసుకోర్సునే చూడండి. 160 ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి. 1945లో 99 ఏళ్లకు లీజుకిచ్చారు. గుర్రప్పందేల మైదానం లోపలే గోల్ఫు కూడా ఆడేవాళ్లు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం లీజు రద్దు చేసి సీలు వేసింది, వ్యవహారం కోర్టుకూ వెళ్లింది. తర్వాత అక్కడ వాన నీళ్లు నిలవడానికి కుంటలు తవ్వారు. వాళ్లకు 99 ఏళ్ల హామీ. మా అమ్మకు ఒక్క సాయంత్రానికి కూడా హామీ లేదు.

చట్టం లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. సామాను తీసుకుపోతే జాబితా రాసి ఇవ్వాలి. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. అయితే ఆ చట్టం అమ్మేవాళ్ల గురించి చెబుతుంది. తినేవాళ్లు ఎక్కడ కూర్చోవాలో నగరమే తన నియమాల్లో రాయాలి.

"ఫుట్‌పాత్ నడిచేవాళ్లది కదా?" అని మా తరగతిలో ఒకడు అడిగాడు. న్యాయమైన మాటే. చూపులేనివాళ్లు, ముసలివాళ్లు రోడ్డు మీదికి దిగి నడవకూడదు. అందుకే నడకకు ఇంత వెడల్పు వదలాలని గీత గీయండి. గీతకు ఇవతల స్టూలు, అవతల మనిషి. పాండీ బజారులో 2019లో ఫుట్‌పాత్ వెడల్పు చేసి జనం కూర్చోవడానికి చోటు పెట్టలేదా? ఆ రోడ్డుకు మన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరే ఉంది. 1920లో కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించింది ఆయనే. తిండి పెట్టే చేతికి చోటివ్వడం ఈ ఊరికి కొత్తేమీ కాదు.

గోల్ఫు మైదానం ఊరికి పచ్చదనం కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ గోడ లోపలి చెట్టు నీడ బయటివాడికి అందదు. 2019 ఎండల్లో ఊరికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోతే బిందె పట్టుకుని లారీ కోసం మా అమ్మతో నిలబడ్డది నాకింకా గుర్తే. మూసేయమని నేననడం లేదు. ప్రభుత్వ భూమి అయితే నేటి ధరకు తగిన అద్దె కట్టాలి. వాన నీళ్లు నిలబెట్టాలి. గడ్డికి శుద్ధిచేసిన మురుగునీరే వాడాలి. ఉదయం రెండు గంటలు అందరినీ నడవనివ్వాలి. ఆ భూమిని దేనికి వాడుతున్నారో ఐదేళ్లకోసారి ప్రజల ముందు పెట్టి తేల్చాలి.

మన బడిలో ఎన్నో ఇళ్లు బండ్ల మీదే బతుకుతున్నాయి. తలా ఒక ఉత్తరం మన కౌన్సిలరుకు రాద్దాం. ఆయనకు తెలుగు రాకపోతే తమిళంలోనే రాద్దాం, మనకు రెండూ వచ్చు కదా. అడిగేది నాలుగు స్టూళ్లే. తాతగారు మళ్లీ వచ్చి కూర్చుని తినాలి.